సర్వర్ ఆపకుండా మార్చిన కోడ్‌ను ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైల్ మారింది, నడుస్తున్న ప్రోగ్రామ్ మారలేదు. వెబ్ అప్లికేషన్లు రాసే ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఇది. ఎన్నో ఏళ్లు పనిచేసినవాళ్లను కూడా ఇది వేరే వేషంలో వచ్చి పట్టుకుంటుంది. నన్ను తరచుగా అడిగిన ప్రశ్నలు, నేను ఇతరులను అడిగి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

కోడ్ మార్చి సేవ్ చేశాను, బ్రౌజర్‌లో ఇంకా పాతదే వస్తోంది. ఎందుకు?

చాలా సర్వర్లు మీ ఫైళ్లను చదివేది ఒక్కసారే. చదివి, నడపడానికి వీలైన రూపంలోకి మార్చుకుని మెమరీలో పెట్టుకుంటాయి. తర్వాత వచ్చే ప్రతి రిక్వెస్ట్‌కూ జవాబు ఆ మెమరీలోంచే వస్తుంది. డిస్క్ మీది ఫైల్‌తో సంబంధం అక్కడితో తెగిపోయింది. మీరు ఫైల్‌ను తిరగరాసినా, చివరికి తీసి పారేసినా నడుస్తున్న ప్రాసెస్‌కు ఆ కబురు అందదు. పైథాన్‌లో ఒకసారి ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ ‘సిస్ డాట్ మాడ్యూల్స్’ అనే డిక్షనరీలో చేరుతుంది. రెండోసారి ఇంపోర్ట్ అంటే పైథాన్ ఆ డిక్షనరీలోంచి తీసి ఇస్తుందే తప్ప ఫైల్ వైపు చూడదు. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో మాడ్యూల్స్ తెచ్చుకునే ‘రిక్వైర్’ కూడా ఇలాగే పనిచేస్తుంది.

ఇది లోపం కాదు. ప్రతి రిక్వెస్ట్‌కూ వందల ఫైళ్లు మళ్లీ చదువుతూ కూర్చుంటే ఏ పేజీ కూడా వేగంగా తెరుచుకోదు.

ఒక మాట: సర్వర్‌ను అనుమానించే ముందు బ్రౌజర్ క్యాష్‌ను ఖాళీ చేసి చూడండి. మీరు చూస్తున్న పోర్ట్‌లో నిన్న తెరిచి మరిచిపోయిన ఇంకో సర్వర్ నడుస్తోందేమో కూడా చూడండి. సగం సార్లు సమస్య అక్కడే తేలిపోతుంది.

మరి పీహెచ్‌పీలో సేవ్ చేయగానే మారిపోతుందే?

పీహెచ్‌పీ పద్ధతి వేరు. ప్రతి రిక్వెస్ట్ ఖాళీ పలకతో మొదలవుతుంది, పని అయిపోగానే అన్నీ తుడిచేస్తుంది. రిక్వెస్ట్‌కూ రిక్వెస్ట్‌కూ మధ్య మీ వేరియబుల్స్ ఏవీ మిగలవు కాబట్టి కొత్త ఫైల్ చదవడానికి అడ్డమేమీ ఉండదు.

అయితే 2013లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ఓపీక్యాష్ పీహెచ్‌పీతోనే కలిసి వస్తోంది. అది కంపైల్ చేసిన కోడ్‌ను మెమరీలో దాచుకుంటుంది. ఫైల్ మారిందా అని మామూలుగా 2 సెకన్లకోసారి చూసుకుంటుంది కాబట్టి ఆ 2 సెకన్లలో మీకు పాతదే కనిపించవచ్చు. ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన యూజర్లు వాడే సర్వర్ మీద, చాలామంది ఈ తనిఖీని పూర్తిగా ఆపేస్తారు, వేగం కోసం. అప్పుడు పీహెచ్‌పీ కూడా మిగతావాటి దారిలోకే వస్తుంది: కొత్త ఫైళ్లు పెట్టాక పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే ఎఫ్‌పీఎమ్‌ను రీలోడ్ చేయాల్సిందే. సింబాలిక్ లింక్‌ను (ఇంకో ఫోల్డర్ వైపు చూపే పేరును) కొత్త ఫోల్డర్ వైపు తిప్పి కోడ్‌ను డిప్లాయ్ చేసేవాళ్లకు, అంటే సర్వర్ మీద ఎక్కించేవాళ్లకు, ఇంకో మెలిక ఉంది. ఫైళ్ల అసలు దారులను పీహెచ్‌పీ వేరే క్యాష్‌లో 120 సెకన్ల పాటు గుర్తుంచుకుంటుంది. లింక్ తిప్పాక కూడా కాసేపు పాత ఫోల్డర్‌లోని కోడే నడుస్తుంటే కారణం ఇదే.

‘రీలోడ్’ అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

ఈ ఒక్క మాటతో జనం మూడు వేరువేరు పనులను పిలుస్తారు. గందరగోళమంతా అక్కడే పుడుతుంది.

మొదటిది, ప్రాసెస్‌ను చంపి మళ్లీ మొదలుపెట్టడం. మీరు చేత్తో చేయాల్సిన పనిని ఒక టూల్ చేస్తుంది, అంతే. పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లైన జాంగో, ఫ్లాస్క్, నోడ్ కోసం వాడే నోడ్‌మాన్ చేసేది ఇదే. రెండోది, ప్రాసెస్ బతికి ఉండగానే దాని లోపలి కోడ్‌ను మార్చడం. రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్, ఎర్లాంగ్ భాష, జావా హాట్‌స్వాప్, బ్రౌజర్‌లో వీట్ అనే బిల్డ్ టూల్ ఈ దారిలో వెళతాయి. మూడోది, పాత ప్రాసెస్‌లు చేతిలో ఉన్న పని ముగించుకుంటుండగా పక్కనే కొత్త ప్రాసెస్‌లను లేపి, వచ్చే రిక్వెస్ట్‌లను వాటికి అప్పగించడం. పైథాన్ అప్లికేషన్ సర్వర్ గునికార్న్‌కు, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌కు రీలోడ్ సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా ప్రాసెస్‌కు పంపే చిన్న సందేశం) పంపితే జరిగేది ఇది.

కొత్త కోడ్‌ను మెమరీలోకి తేవడం ఈ మూడింటిలో దేనికీ కష్టం కాదు. పాతది పట్టుకుని వేలాడుతున్న వస్తువులను ఏం చేయాలన్నదే కష్టం. మొదటి పద్ధతి అన్నిటినీ ఊడ్చేస్తుంది. రెండోది కొన్నిటిని అలాగే ఉంచుతుంది. మూడోది పాతవాటికి కొంత గడువు ఇస్తుంది. కింద వచ్చే ప్రతి జవాబులోనూ ఈ తేడాయే కనిపిస్తుంది.

జాంగో, ఫ్లాస్క్ వాటంతటవే ఎలా రీలోడ్ అవుతాయి? స్టార్టప్ కోడ్ రెండుసార్లు ఎందుకు నడుస్తోంది?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. మీరు సర్వర్ మొదలుపెట్టగానే లేచేది ఒక ప్రాసెస్ కాదు, రెండు. తల్లి ప్రాసెస్ కాపలాదారు. పిల్ల ప్రాసెస్ అసలు సర్వర్. పిల్లలో ఒక థ్రెడ్ తాను ఇంపోర్ట్ చేసుకున్న ఫైళ్లన్నిటి మార్పు సమయాలను సెకనుకోసారి చూస్తుంటుంది. ఏదైనా మారితే పిల్ల 3 అనే ఎగ్జిట్ కోడ్‌తో తనంతట తానే ముగిసిపోతుంది. తల్లి ఆ 3ను చూసి, ‘ఇది క్రాష్ కాదు, మళ్లీ మొదలుపెట్టమని అడుగుతోంది’ అని అర్థం చేసుకుని కొత్త పిల్లను లేపుతుంది.

తల్లి కూడా మీ కోడ్‌ను కొంతమేర లోడ్ చేస్తుంది. అందుకే జాంగోలో అప్లికేషన్ మొదలైనప్పుడు నడిచే ‘రెడీ’ మెథడ్‌లో పెట్టిన ప్రింట్ రెండుసార్లు కనబడుతుంది. ప్రింట్ అయితే పర్లేదు. అక్కడ షెడ్యూలర్ థ్రెడ్ మొదలుపెట్టారనుకోండి, ప్రతి పనీ రెండుసార్లు జరుగుతుంది. పిల్ల ప్రాసెస్‌కు జాంగో ‘రన్_మెయిన్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇస్తుంది, ఫ్లాస్క్‌లో దాని పేరు ‘వెర్క్‌జోయిగ్_రన్_మెయిన్’. దాన్ని చూసి ఎవరు ఎవరో తేల్చుకోవచ్చు. నన్నడిగితే అంతకన్నా మంచిది, అలాంటి షెడ్యూలర్‌ను వెబ్ ప్రాసెస్‌లో పెట్టకపోవడమే.

మొత్తం రీస్టార్ట్ ఎందుకు, పైథాన్‌లో మారిన ఒక్క మాడ్యూల్‌నే రీలోడ్ చేస్తే సరిపోదా?

‘ఇంపోర్ట్‌లిబ్ డాట్ రీలోడ్’ ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ చాలామంది అనుకున్నట్టు పనిచేయదు. ఒక ఉదాహరణను దగ్గర నుంచి చూద్దాం.

‘ధరలు’ అనే మాడ్యూల్‌లో ‘తగ్గింపు’ అనే ఫంక్షన్ ఉంది, 10 శాతం తగ్గిస్తుంది. ‘బిల్లు’ అనే ఇంకో మాడ్యూల్ దాన్ని ‘ఫ్రమ్ ధరలు ఇంపోర్ట్ తగ్గింపు’ అని తెచ్చుకుంది. మీరు 10ను 15 చేసి ‘ధరలు’ మాడ్యూల్‌ను రీలోడ్ చేశారు. పైథాన్ ఫైల్‌ను మళ్లీ చదివి, కొత్త ఫంక్షన్ తయారుచేసి, ‘ధరలు’ మాడ్యూల్‌లో ‘తగ్గింపు’ అనే పేరును దానికి కట్టింది. ఇప్పుడు ‘ధరలు’ వైపు నుంచి పిలిస్తే 15 వస్తుంది. ‘బిల్లు’ మాత్రం ఇంపోర్ట్ చేసుకున్న రోజునే ఫంక్షన్ వస్తువును తన సొంత పేరుకు కట్టుకుంది. అది ఇంకా పాత ఫంక్షనే. బిల్లులో 10 శాతమే తగ్గుతుంది. ఒకే ప్రాసెస్‌లో ఒకే పేరుకు రెండు జవాబులు.

క్లాసులతో ఇంకా ఇబ్బంది. ‘ఆర్డర్’ క్లాసును రీలోడ్ చేస్తే కొత్త క్లాసు పుడుతుంది, కానీ అంతకుముందు తయారైన ఆర్డర్లన్నీ పాత క్లాసుకు చెందినవే. ‘ఇది ఆర్డరేనా?’ అని ‘ఈజ్ఇన్‌స్టాన్స్’తో అడిగితే కాదంటుంది. ప్రింట్ చేసి చూస్తే రెండు పేర్లూ ఒకటే. ఇలాంటి బగ్ వెంట పడితే కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే కోడ్‌లో తప్పు లేదు. ఇంకో సంగతి: ఫైల్‌లోంచి మీరు తీసేసిన ఫంక్షన్ రీలోడ్ తర్వాత కూడా మాడ్యూల్‌లో ఉంటుంది. పాత డిక్షనరీ మీదే కొత్త పేర్లు రాస్తారు తప్ప దాన్ని ఖాళీ చేయరు.

నోట్‌బుక్‌లోనో, ఇంటరాక్టివ్ షెల్‌లోనో ప్రయోగాలకు ఇది చాలా పనికొస్తుంది. వెబ్ సర్వర్‌లో వాడకండి.

రైల్స్‌లో రీస్టార్ట్ లేకుండానే అవుతుందే, అది ఎలా?

పైన చెప్పిన చిక్కును రైల్స్ వాళ్లు చక్కగా దాటారు. మారిన ఒక్క ఫైల్‌ను కాకుండా, అప్లికేషన్‌కు చెందిన క్లాసులన్నిటినీ ఒకేసారి వదిలేస్తారు. డెవలప్‌మెంట్‌లో రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఏ ఫైలైనా మారిందా అని రైల్స్ చూస్తుంది. మారితే ఆటోలోడ్ అయిన కాన్‌స్టంట్‌లన్నీ (రూబీలో క్లాసుల పేర్లు కాన్‌స్టంట్‌లే) తొలగిపోతాయి, ఎవరైనా ఆ పేరు పలికినప్పుడు మళ్లీ ఫైల్ నుంచి లోడ్ అవుతాయి. జెమ్‌లు (బయటి రూబీ ప్యాకేజీలు), ఫ్రేమ్‌వర్క్ కదలవు కాబట్టి వేగంగా ముగుస్తుంది. 2019లో వచ్చిన రైల్స్ 6 నుంచి ఈ పని జైట్‌వెర్క్ అనే కోడ్ లోడర్ చూసుకుంటోంది.

ఒకచోట మాత్రం జాగ్రత్త కావాలి. ఇనిషియలైజర్‌లు సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే నడుస్తాయి. అక్కడ మీ మోడల్ క్లాసును ఏ గ్లోబల్ వేరియబుల్‌లోనో పెడితే, రీలోడ్ తర్వాత అది పోయిన క్లాసునే పట్టుకుని ఉంటుంది. అలాంటి కోడ్‌ను ‘టు_ప్రిపేర్’ బ్లాక్‌లో పెట్టండి, ప్రతి రీలోడ్‌కూ మళ్లీ నడుస్తుంది.

జావాలో ఎందుకింత కష్టం?

జావా వర్చువల్ మెషీన్‌కు హాట్‌స్వాప్ సౌకర్యం 1.4 వెర్షన్‌లోనే వచ్చింది. డీబగ్గర్ కలిపి ఉంటే మెథడ్ లోపలి వరుసలను నడుస్తుండగానే మార్చవచ్చు. కొత్త ఫీల్డ్, కొత్త మెథడ్, మారిన సిగ్నేచర్ మాత్రం కుదరవు. మెమరీలో అప్పటికే ఉన్న ఆబ్జెక్టుల ఆకారం పాత క్లాసు ప్రకారం ఉంది, దాన్ని తిరిగి అమర్చడం మామూలు హాట్‌స్వాప్‌కు చేతకాదు. జేరెబెల్, డీసీఈవీఎమ్ లాంటివి ఆ గీత దాటడానికే పుట్టాయి.

రెండో దారి క్లాస్‌లోడర్‌ది, అంటే క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగానిది. జావాలో క్లాసు గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ దాన్ని లోడ్ చేసిన లోడరూ కలిపి. అందుకే పాత లోడర్‌ను వదిలేసి కొత్త లోడర్‌తో అప్లికేషన్‌ను మళ్లీ లేపవచ్చు. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ రీలోడ్ చేసేది ఇదే. స్ప్రింగ్ బూట్ డెవ్‌టూల్స్ ఇంకాస్త తెలివిగా రెండు లోడర్లు పెడుతుంది: మారని జార్ ఫైళ్లకు ఒకటి, మీరు రాసే కోడ్‌కు ఒకటి. రెండోదాన్ని మాత్రమే మారుస్తుంది. ‘ఫలానా క్లాసును ఫలానా క్లాసుగా మార్చలేం’ అని ఒకే పేరు రెండుసార్లు చెప్పే ఎర్రర్ వస్తే ఆశ్చర్యపోకండి. ఒకటి పాత లోడర్‌ది, ఒకటి కొత్తది.

పాత లోడర్ మెమరీలోంచి పోవాలంటే దాని క్లాసులకు చెందిన ఒక్క ఆబ్జెక్టును కూడా ఎవరూ పట్టుకుని ఉండకూడదు. థ్రెడ్‌లోకల్‌లో మరిచిపోయిన ఒక్క విలువో, ఆపని థ్రెడ్ ఒక్కటో, రిజిస్టర్ అయి ఉండిపోయిన డేటాబేస్ డ్రైవరో చాలు, మొత్తం పాత అప్లికేషన్ అలాగే ఉండిపోతుంది. నాలుగైదు సార్లు రీలోడ్ చేసేసరికి మెమరీ నిండుతుంది. ఒకప్పుడు అందరికీ పరిచయమైన పెర్మ్‌జెన్ (క్లాసుల వివరాలు ఉంచే మెమరీ భాగం) ఎర్రర్ ఇలాగే వచ్చేది. 2014లో జావా 8 పెర్మ్‌జెన్‌ను తీసేసి మెటాస్పేస్ తెచ్చింది, కానీ లీక్ లీకే. ఇప్పుడు నిండడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

నోడ్‌లో?

‘రిక్వైర్’ క్యాష్‌లోంచి మాడ్యూల్‌ను తీసేసి మళ్లీ పిలవవచ్చు, కానీ పైథాన్‌లో చెప్పిన పాత రిఫరెన్స్‌ల బాధ అలాగే ఉంటుంది. ‘ఇంపోర్ట్’తో తెచ్చుకునే కొత్త తరహా ఈఎస్ మాడ్యూల్స్‌కు ఆ క్యాష్‌ను తాకే వీలు కూడా లేదు. కొందరు ఇంపోర్ట్ చేసే దారి చివర ప్రశ్నార్థకం పెట్టి ఒక అంకె తగిలిస్తారు. కొత్త ప్రతి వస్తుంది, పాతది మాత్రం మెమరీలోంచి పోదు. రోజంతా పనిచేస్తే అవి గుట్టగా పేరుకుంటాయి. తిన్నగా ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేయండి. 18.11 వెర్షన్ నుంచి నోడ్‌లోనే ‘వాచ్’ ఆప్షన్ ఉంది, వేరే టూల్ అక్కర్లేదు.

గో భాషలో కూడా ఇదే సలహా. కంపైల్ వేగంగా అవుతుంది కాబట్టి మళ్లీ బిల్డ్ చేసి మళ్లీ నడపడమే అక్కడ సహజమైన దారి.

బ్రౌజర్ వైపు ఫారం నింపినది నింపినట్టే ఉంటూ స్టైల్ మాత్రం మారిపోతుంది. సర్వర్ వైపు అది ఎందుకు రాదు?

వీట్, వెబ్‌ప్యాక్ లాంటివి బ్రౌజర్‌తో ఒక వెబ్‌సాకెట్‌ను (తెగకుండా ఉండే కనెక్షన్‌ను) తెరిచి ఉంచుతాయి. ఫైల్ మారగానే ‘ఈ మాడ్యూల్ మారింది’ అని కబురు వెళుతుంది. ఆ మాడ్యూల్ కానీ, దాన్ని వాడుకునే పై మాడ్యూల్ కానీ ‘ఈ మార్పును నేను చూసుకుంటాను’ అని ముందే చెప్పి ఉంటే దానికి కొత్త ప్రతి అందుతుంది. ఎవరూ చెప్పకపోతే పేజీ మొత్తం రిఫ్రెష్ అవుతుంది. రియాక్ట్‌లో కాంపొనెంట్ స్టేట్, అంటే అది గుర్తుంచుకున్న విలువలు, కోడ్‌కు బయట ఉంటుంది కాబట్టి ఫంక్షన్ మారినా స్టేట్ నిలుస్తుంది. హుక్‌ల వరుస మార్చారంటే ఆ స్టేట్‌ను కొత్త కోడ్‌కు అతికించే వీలు లేక మొదటికి వస్తుంది.

సర్వర్ వైపు ఇంత శుభ్రమైన విభజన అరుదు. స్టేట్ కనెక్షన్లలో, క్యాష్‌లలో, థ్రెడ్‌లలో, గ్లోబల్ వేరియబుల్స్‌లో చెల్లాచెదురుగా ఉంటుంది. ‘ఇది నా స్టేట్, దీన్ని కాపాడు’ అని చెప్పేవాళ్లు ఉండరు.

మరి ఎర్లాంగ్‌లో ప్రొడక్షన్‌లోనే మారుస్తారంటారు, నిజమేనా?

నిజమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్‌లో పుట్టిన భాష అది. మాట్లాడుతున్న కాల్స్ తెగకుండా సాఫ్ట్‌వేర్ మార్చాలన్నది వాళ్లకు మొదటి రోజు నుంచీ ఉన్న అవసరం. అందుకే భాషలోనే ఏర్పాటు చేశారు: ఒక మాడ్యూల్‌కు ఒకే సమయంలో రెండు ప్రతులు ఉండవచ్చు, ప్రస్తుతది, పాతది. పాత కోడ్‌లో ఉన్న ప్రాసెస్ తన పని కొనసాగిస్తుంది. మాడ్యూల్ పేరుతో సహా పూర్తిగా పిలిచిన క్షణంలో కొత్త ప్రతిలోకి అడుగుపెడుతుంది. మూడో ప్రతి లోడ్ అయితే, ఇంకా మొట్టమొదటి ప్రతిలోనే ఉండిపోయిన ప్రాసెస్‌లను ముగించేస్తారు.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ‘కోడ్_చేంజ్’ అనే కాల్‌బ్యాక్. పాత స్టేట్‌ను కొత్త ఆకారంలోకి ఎలా మార్చాలో ప్రోగ్రామరే అక్కడ రాయాలి. మిగతా భాషలు తప్పించుకునే ప్రశ్నను ఇది ముఖాముఖి అడుగుతుంది. అలాగని దానికి ఖర్చు లేకపోలేదు: ప్రతి మార్పుకూ ఆ మార్పిడి రాయాలి, పరీక్షించాలి. ఎర్లాంగ్, ఎలిక్సిర్‌లలో వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లు కూడా చాలామంది ప్రొడక్షన్‌లో కొత్త ప్రాసెస్‌ల పద్ధతే వాడతారు, హాట్ లోడింగ్‌ను డెవలప్‌మెంట్‌కు ఉంచుకుంటారు.

ఫైల్ సేవ్ చేసినా రీలోడర్ కదలడం లేదు. ఏం చూడాలి?

లైనక్స్‌లో కబురు తెచ్చేది 2005లో కెర్నల్ 2.6.13తో వచ్చిన ఐనోటిఫై. అది అదే కెర్నల్ ద్వారా జరిగిన మార్పులనే చూస్తుంది. నెట్‌వర్క్ ఫోల్డర్ మీద ఇంకో మెషీన్ రాసినది దానికి తెలియదు. విండోస్ డ్రైవ్‌లో ప్రాజెక్టు పెట్టి, విండోస్‌లో లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 లోంచి సర్వర్ నడిపినా ఇదే జరుగుతుంది. ప్రాజెక్టును లైనక్స్ వైపు ఫైల్ సిస్టమ్‌లోకి మారిస్తే తీరిపోతుంది, పైగా అంతా వేగంగా నడుస్తుంది. కంటెయినర్‌లోకి బయటి ఫోల్డర్ మౌంట్ చేసినప్పుడు కూడా కబురు ఒక్కోసారి అందదు. మార్చే వీలు లేకపోతే పోలింగ్ (కబురు కోసం ఆగకుండా ఫైళ్లను మళ్లీ మళ్లీ చూడటం) పెట్టుకోండి. సీపీయూ కొంచెం ఎక్కువ తింటుంది, కానీ నమ్మకంగా పనిచేస్తుంది.

రెండోది వాచ్‌ల పరిమితి. ఐనోటిఫై ఒక్కో ఫోల్డర్‌కూ ఒక్కో వాచ్ అడుగుతుంది. పాత కెర్నళ్లలో ఒక యూజర్‌కు 8192 వాచ్‌లే ఇచ్చేవారు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఒక్కటే అవన్నీ మింగేస్తుంది. అప్పుడు ‘డిస్క్‌లో చోటు లేదు’ అని ఎర్రర్ వస్తుంది. డిస్క్ ఖాళీగానే ఉంటుంది, అయిపోయింది వాచ్‌ల కోటా. 5.11 కెర్నల్ నుంచి మెషీన్ మెమరీని బట్టి పరిమితి పెరుగుతుంది. ఏదైనా సరే, అక్కర్లేని ఫోల్డర్లను వాచ్ నుంచి తప్పించడం మంచి అలవాటు.

మూడోది ఎడిటర్. కొన్ని ఎడిటర్లు ఉన్న ఫైల్‌లో రాయవు. పక్కన కొత్త ఫైల్ రాసి, దాని పేరు మార్చి పాతదాని చోట పెడతాయి. ఒక్క ఫైల్‌నే గమనించే వాచర్ పాత ఐనోడ్‌నే (డిస్క్ మీద పాత ఫైల్ గుర్తింపునే) చూస్తూ ఉండిపోతుంది. మొదటి సేవ్‌కు రీలోడ్ అయి, రెండో సేవ్ నుంచి కాకపోతే ఇదేనని దాదాపు తేల్చుకోవచ్చు. ఫైల్‌ను కాకుండా ఫోల్డర్‌ను గమనించమనండి.

రీలోడ్ అయిన ప్రతిసారీ లాగిన్ పోతోంది.

సెషన్లు ప్రాసెస్ మెమరీలో ఉన్నాయి. డేటాబేస్‌లోనో, రెడిస్‌లోనో, సంతకం చేసిన కుకీలోనో పెట్టండి. కుకీలే వాడుతున్నా లాగిన్ పోతుంటే, సీక్రెట్ కీని స్టార్టప్‌లో యాదృచ్ఛికంగా తయారుచేస్తున్నారేమో చూడండి.

ప్రొడక్షన్‌లో కూడా ఆటో రీలోడ్ పెట్టేస్తే పని తేలికవుతుంది కదా?

దయచేసి పెట్టకండి. పది ఫైళ్లు కాపీ అవుతుండగా నాలుగో ఫైల్ దగ్గరే రీలోడర్ లేస్తుంది. సగం కొత్తది, సగం పాతది లోడ్ అవుతుంది. ప్రాసెస్ చేతిలో ఉన్న రిక్వెస్ట్‌లు మధ్యలో తెగుతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, భద్రత ఇంకో ఎత్తు. రీలోడ్ కోసమని ఫ్లాస్క్‌ను డీబగ్ మోడ్‌లో పెడితే ఎర్రర్ పేజీలోనే పైథాన్ కన్సోల్ తెరుచుకుంటుంది. దానికి పిన్ కాపలా ఉన్నా, బయటివాళ్లు మీ సర్వర్ మీద కోడ్ నడిపే తలుపు అది. ఇంటర్నెట్‌కు కనబడే చోట ఆ తలుపు ఉండనే కూడదు.

అయితే ప్రొడక్షన్‌లో ఒక్క రిక్వెస్ట్ కూడా తెగకుండా ఎలా మార్చాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కోడ్‌ను మార్చకండి, ప్రాసెస్‌లను మార్చండి. గునికార్న్ తల్లి ప్రాసెస్‌కు ‘హప్’ అనే రీలోడ్ సిగ్నల్ పంపితే అది కొత్త వర్కర్లను (రిక్వెస్ట్‌లకు జవాబిచ్చే పిల్ల ప్రాసెస్‌లను) లేపి, పాతవాటికి ‘చేతిలో ఉన్నది ముగించి వెళ్లండి’ అని చెబుతుంది. వినే సాకెట్ తల్లి దగ్గరే ఉంటుంది కాబట్టి వచ్చే కనెక్షన్లకు తలుపు మూయాల్సిన క్షణం రాదు. మామూలు గడువు 30 సెకన్లు, ఆలోగా ముగించని వర్కర్‌ను బలవంతంగా ఆపుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ కూడా హప్‌తో ఇలాగే చేస్తుంది. రూబీ సర్వర్ ప్యూమాలో దీనికి దగ్గరిది ఫేజ్డ్ రీస్టార్ట్, వర్కర్లను ఒక్కొక్కటిగా మారుస్తుంది. కంటెయినర్లను నడిపే కూబర్నెటీస్‌లో పాడ్ (కంటెయినర్ల చిన్న గుంపు) స్థాయిలో జరిగేదీ ఈ పనే, అక్కడా మామూలు గడువు 30 సెకన్లే.

సిగ్నల్ పంపే ముందు కొత్త కోడ్ అసలు లోడ్ అవుతుందో లేదో వేరే ప్రాసెస్‌లో చూసుకోండి. గునికార్న్‌కు దీని కోసమే ‘చెక్ కాన్ఫిగ్’ ఆప్షన్ ఉంది. కొత్త ఫైళ్లను నడుస్తున్న ఫోల్డర్ మీద పరచకుండా వేరే ఫోల్డర్‌లో పూర్తిగా సిద్ధం చేసి, చివర్లో లింక్ తిప్పండి. నడుస్తున్న ఫోల్డర్ మీదే పరిస్తే, పాత వర్కర్ ఇంకా లోడ్ చేయని మాడ్యూల్ ఒకటి ఉండి, సరిగ్గా అప్పుడే దాన్ని ఇంపోర్ట్ చేస్తే, పాత కోడ్ మధ్యలో కొత్త మాడ్యూల్ వచ్చి పడుతుంది.

హప్ పంపాను, అయినా పాత కోడే నడుస్తోంది.

‘ప్రీలోడ్’ ఆన్‌లో ఉంది. మెమరీ ఆదా కోసం అప్లికేషన్‌ను తల్లిలోనే లోడ్ చేసి పిల్లలను ఫోర్క్ చేసే, అంటే తన ప్రతులుగా పుట్టించే, ఆప్షన్ అది. కొత్త పిల్లలు కూడా తల్లి దగ్గరున్న పాత కోడ్ నుంచే పుడతాయి. ప్యూమా ఫేజ్డ్ రీస్టార్ట్‌కూ ప్రీలోడ్‌కూ పొసగకపోవడానికి కారణం ఇదే. ప్రీలోడ్ కావాలంటే తల్లిని కూడా మార్చే దారి చూడాలి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి రీలోడ్ చేశాను, మారలేదు.

ప్రాసెస్‌కు ఆ విలువలు పుట్టేటప్పుడు అందుతాయి. రీలోడ్‌లో పుట్టే వర్కర్లకు తల్లి దగ్గరున్నవే వస్తాయి. తల్లిని రీస్టార్ట్ చేయాలి. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ‘డెమన్ రీలోడ్’ అనేది యూనిట్ ఫైళ్లను మళ్లీ చదవడమే, మీ సర్వీసును అది ముట్టుకోదు. ఈ రెండింటినీ కలగలిపి పొరబడేవాళ్లు చాలామంది.

వెబ్ సర్వర్ రీలోడ్ అయితే బ్యాక్‌గ్రౌండ్ వర్కర్లు కూడా మారతాయా?

మారవు. నాకు ఇది బాగా గుర్తుండిపోయే విధంగా తెలిసింది. రసీదు మెయిల్ పంపే టాస్క్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా భాష కలిపాను. వెబ్ వైపు కోడ్ ఎక్కించి, రీలోడ్ చేసి, పేజీ తెరిచి చూస్తే అంతా బాగుంది. లాగ్‌లో కూడా తప్పేమీ లేదు, ఎందుకంటే నేను చూస్తున్నది వెబ్ లాగ్. వర్కర్ ప్రాసెస్ మూడు రోజుల కిందట మొదలైనది. దాని మెమరీలోని ఫంక్షన్‌కు రెండే ఆర్గ్యుమెంట్లు. క్యూలోకి మూడు వస్తున్నాయి, వచ్చిన ప్రతి టాస్కూ టైప్ ఎర్రర్‌తో పడిపోతోంది. రసీదు రాలేదని ఒకరు అడిగేదాకా గంటల తరబడి ఒక్క మెయిల్ కూడా వెళ్లలేదు. డబ్బు కట్టి రసీదు కోసం ఎదురుచూసినవాళ్లకు క్షమాపణ రాస్తూ ఆ సాయంత్రం గడిచింది.

అప్పటి నుంచి నేను పాటించే వరుస ఇది: కొత్త ఆర్గ్యుమెంట్‌కు డిఫాల్ట్ విలువ పెట్టి ముందు వర్కర్లను మారుస్తాను. అవి రెండు ఆర్గ్యుమెంట్లు వచ్చినా మూడు వచ్చినా పనిచేస్తాయి. ఆ తర్వాతే వెబ్ వైపు మారుస్తాను. పైథాన్‌లో బ్యాక్‌గ్రౌండ్ టాస్క్‌లు నడిపే సెలెరీలో ఒకప్పుడు ఆటో రీలోడ్ ఉండేది, 4.0 వెర్షన్‌లో తీసేశారు. డెవలప్‌మెంట్‌లో కావాలంటే వాచ్‌డాగ్ ప్యాకేజీతో వచ్చే ‘వాచ్‌మీడూ’తో వర్కర్‌ను రీస్టార్ట్ చేయించుకోవచ్చు.

డేటాబేస్ పట్టికలు కూడా మారితే?

రీలోడ్ జరిగే కాసేపు పాత కోడ్, కొత్త కోడ్ ఒకే డేటాబేస్‌తో మాట్లాడుతుంటాయి. కాలమ్ పేరు నేరుగా మారిస్తే ఆ క్షణం నుంచి పాత వర్కర్లన్నీ పడిపోతాయి. ముందు కొత్త కాలమ్ కలపండి. రెండింటిలోనూ రాసే కోడ్ ఎక్కించండి. పాత వరుసలను నింపండి. చదవడం కొత్తదానికి మార్చండి. పాత కోడ్ ఎక్కడా నడవడం లేదని తేలాక, ఇంకో రోజు పాత కాలమ్ తీసేయండి. ఒక పేరు మార్చడానికి ఇన్ని మెట్లా అనిపిస్తుంది, కానీ ఏ మెట్టు దగ్గరైనా వెనక్కి రావచ్చు.

బ్రౌజర్లలో తెరిచి ఉన్న పేజీల సంగతీ ఇలాంటిదే. గంట కిందట పేజీ తెరిచినవాళ్ల దగ్గర పాత జావాస్క్రిప్ట్ ఉంది, అది పాత ఫైల్ పేర్లనే అడుగుతుంది. పాత స్టాటిక్ ఫైళ్లను కొన్నాళ్లు ఉంచండి.

ఇప్పుడు నడుస్తున్నది ఏ కోడో ఖాయంగా తెలుసుకోవడం ఎలా?

బిల్డ్ చేసేటప్పుడు కమిట్ గుర్తును (ఆ కోడ్ వెర్షన్‌ను తెలిపే గుర్తును) ఒక ఫైల్‌లో రాయండి. ప్రాసెస్ మొదలైనప్పుడు దాన్ని ఒక్కసారి చదివి వేరియబుల్‌లో పెట్టుకోవాలి, ప్రతి రెస్పాన్స్ హెడర్‌లో అదే పంపాలి. రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా ఫైల్ తెరిచి చదివితే ప్రయోజనం లేదు, అప్పుడు మీకు తెలిసేది డిస్క్ మీద ఏముందో కానీ మెమరీలో ఏముందో కాదు. దాంతోపాటు ప్రాసెస్ నంబరు, అది మొదలైన సమయం కూడా పంపండి. బ్యాక్‌గ్రౌండ్ వర్కర్లు మొదలవగానే అదే గుర్తును లాగ్‌లో రాయాలి. రీలోడ్ చేశాక పేజీని ఇరవై సార్లు పిలిచి ఆ హెడర్లు చూడండి. ఇరవైలో ఒక్కటి పాత గుర్తుతో వచ్చినా, ఏ ప్రాసెస్ నంబరు దగ్గరికి వెళ్లాలో అక్కడే రాసి ఉంటుంది.